వంటింటి ప్రశ్నలు: ఘానా వారి అలసందల అన్నం ‘వాచే’

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వాచే గురించే. పశ్చిమాఫ్రికాలోని ఘానాలో పొద్దున్నే వీధుల్లో అమ్మే అలసందల అన్నం ఇది. దేశం ఉత్తర భాగంలో పుట్టి ఇప్పుడు అక్రా నగరమంతా పాకింది. ఇంగ్లిషు అక్షరాల్లో ‘వాక్యే’ అన్నట్టు కనిపించినా పలకడం మాత్రం వాచే అనే. ప్రశ్నల్లోకి వెళ్లేముందు అసలు పద్ధతి ఒకసారి చెప్పుకుంటే జవాబులు సులువుగా అందుతాయి.

కప్పు అంటే 240 మిల్లీలీటర్లది. ఒక కప్పు అలసందలు (170 గ్రాములు), రెండు కప్పుల బియ్యం (సుమారు 380 గ్రాములు), జానెడు పొడవున్న ఎండు ఎర్ర జొన్న ఆకుతొడుగులు ఎనిమిది, తినేసోడా పావు టీస్పూను, ఉప్పు ఒకటిన్నర టీస్పూను. నలుగురైదుగురికి సరిపోతుంది. నూనె, తాలింపు, మసాలా ఏవీ ఉండవు. అలసందలను నాలుగు గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోయాలి. మందపాటి గిన్నెలో ఆరు కప్పుల నీళ్లు, అలసందలు, కడిగిన ఆకుతొడుగులు, సోడా వేసి మరిగించాలి. నురగ తీసేస్తూ మధ్యస్థమైన మంట మీద పాతిక ముప్పై నిమిషాలు ఉడికిస్తే నీళ్లు ముదురు ఎరుపు తిరుగుతాయి. గింజ వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలగాలి, తొక్క మాత్రం ఊడకూడదు. అప్పుడు ఆకుతొడుగులు తీసేసి, కడిగిన బియ్యం, ఉప్పు వేయాలి. నీళ్లు బియ్యం మట్టానికి దిగాక మూత బిగించి సన్నని సెగ మీద పదిహేను నిమిషాలు, దించాక ఇంకో పది నిమిషాలు కదపకుండా వదిలేయాలి.

అలసందలు ఒక పక్క చిదిగి ముద్దయిపోతున్నాయి, ఇంకో పక్క అన్నం పలుకుగానే ఉంటోంది. రెండుసార్లూ ఇదే జరిగింది. నీళ్లు తక్కువవుతున్నాయా?
— ఒక పాఠకురాలు, వరంగల్

నీళ్లు ఎన్ని మిగిలాయో కొలవకుండా బియ్యం పోయడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. అలసందలు ఉడికేటప్పుడు కొంత నీరు అవి తాగుతాయి, కొంత ఆవిరవుతుంది. వెడల్పు గిన్నెలో ఎక్కువ పోతుంది, లోతు గిన్నెలో తక్కువ. అందుకని మొదట ఆరు కప్పులు పోశాం కదా అని లెక్క వేసుకుంటే కుదరదు. అలసందలు ఉడికాక ఆ నీళ్లన్నీ ఒక పాత్రలోకి వంపి కొలవండి. రెండు కప్పుల పొడుగు గింజ బియ్యానికి మూడున్నర కప్పులు కావాలి. తగ్గితే మరిగే నీళ్లు కలపండి, చల్లనివి వద్దు. ఎక్కువైతే ఆ ఎర్ర నీళ్లు పారబోయకుండా విడిగా మరిగించి మూడున్నర కప్పులకు దింపండి. రంగూ రుచీ అందులోనే ఉన్నాయి.

మీ వంటలో జరుగుతున్నది బహుశా ఇది: నీళ్లు చాలక బియ్యం పలుకుగా నిలబడుతోంది, మీరు మళ్లీ నీళ్లు చల్లి కలుపుతున్నారు, అప్పటికే మెత్తబడ్డ అలసందలు గరిటె తగలగానే చిదుగుతున్నాయి. బియ్యం వేశాక ఒక్కసారి అడుగు నుంచి పైకి తిప్పితే చాలు. మూత పెట్టాక గరిటె పెట్టకూడదు. పైన కొంచెం పలుకుగా అనిపిస్తే రెండు మూడు చెంచాల వేడినీళ్లు చిలకరించి, అరిటాకు ముక్కతో అన్నాన్ని కప్పి దాని మీద మూత పెట్టండి. ఆవిరి బయటికి పోకుండా పై మెతుకులు కూడా మగ్గుతాయి. ఇదే పనికి కొందరు ప్లాస్టిక్ సంచి పరుస్తారు. వేడి అన్నానికి ప్లాస్టిక్ తగలనివ్వద్దు, అరిటాకు దొరకనిచోట వెన్న కాగితం చాలు.

అలసందలను విడిగా ఉడికించి, అన్నం విడిగా వార్చి, చివర్లో కలిపితే తేలిక కదా అని మరో ఇద్దరు అడిగారు. తినడానికి బాగానే ఉంటుంది గానీ అది వాచే కాదు. బియ్యం ఆ ఎర్ర నీళ్లలోనే ఉడకాలి. తాలింపు, మసాలా లేని వంటకు రుచంతా అక్కడి నుంచే వస్తుంది.

ఎర్ర జొన్న ఆకుతొడుగులు దొరకడం లేదు. మా చేలో జొన్న ఉంది. ఆ ఆకులే ఎండబెట్టి వాడుకోవచ్చా?
— ఒక రైతు, మహబూబ్‌నగర్ జిల్లా

వద్దు. ఇలాంటి ఉత్తరాలు ఇంకా వచ్చాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

ఘానా బజార్లలో కట్టలు కట్టి అమ్మేవి రంగు కోసమే పెంచే జొన్న రకాల తొడుగులు. తొడుగు అంటే కాండాన్ని చుట్టుకుని ఉండే ఆకు మొదలు భాగం. పంట ముదిరేసరికి అది ముదురు ఎరుపు తిరుగుతుంది. ఆ ఎరుపు అపిజెనినిడిన్ అనే వర్ణద్రవ్యానిది. వేడికి తట్టుకుంటుంది, నీళ్లలోకి దిగుతుంది, అందుకే గంటసేపు మరిగినా రంగు వెలిసిపోదు. మన దగ్గర తిండి కోసం, మేత కోసం వేసే జొన్నల చొప్ప ఎక్కువగా గడ్డి రంగులోకి ఎండుతుంది. దాన్ని ఎంత మరిగించినా పసుపు పచ్చని కషాయమే వస్తుంది. ఆకుల మీద అక్కడక్కడా కనిపించే ఎర్ర మచ్చలు చాలాసార్లు తెగులు వల్లో, పురుగు కొరకడం వల్లో వచ్చినవి. వాటిని ఏరి వండటం మంచిది కాదు.

రెండో కారణం ఇంకా ముఖ్యం. లేత జొన్న పైరు మేసిన పశువులకు నాము వ్యాధి వస్తుందని రైతుగా మీకు తెలిసే ఉంటుంది. ఆ లేత ఆకుల్లో సైనైడ్ విడుదల చేసే పదార్థం ఉంటుంది. పంట ముదిరి బాగా ఎండాక అది చాలావరకు తగ్గిపోతుంది. అయినా కోత తర్వాత వచ్చే పిలకలు, వానల్లేక బెట్టకు వచ్చిన పైరు ప్రమాదకరమే. ఎండిన ఆకుల్లో ఏది ఏ దశలో కోసిందో చూసి చెప్పడం కష్టం. పైగా చేనుకు కొట్టిన పురుగుమందు సంగతి ఉండనే ఉంది.

మరి ఏం చేయాలి? ఎర్ర అలసందలు దొరికితే అవి వాడండి. తెల్లవీ ఎర్రవీ సగం సగం వేసినా ఉడికిన నీళ్లు ఇటుక రంగులోకి వస్తాయి, అన్నానికి ఆ ఛాయ పడుతుంది. అవీ లేకపోతే తెల్ల అలసందలకే పావు టీస్పూను సోడా వేసి వండండి, లేత గోధుమ రంగు వస్తుంది. ఘానాలోనూ ఆకు లేనప్పుడు ఇలా వండేవాళ్లున్నారు. బీట్‌రూట్ రంగు ఎక్కువసేపు మరిగిస్తే వెలిసిపోతుంది, రుచి కూడా తీపి తిరుగుతుంది. ఎర్ర గోంగూర పువ్వు రేకులు వేద్దామా అని ఒకరు అడిగారు. వాటి పులుపుకి అలసందలు ఉడకవు.

విదేశాల్లో ఉన్నవారికి ఈ ఇబ్బంది తక్కువ. లండన్‌లోనూ అమెరికా పెద్ద నగరాల్లోనూ పశ్చిమాఫ్రికా సరుకులమ్మే దుకాణాల్లో ‘వాచే ఆకులు’ అని అడిగితే ఇస్తారు. కొనేటప్పుడు బూజు వాసన లేకుండా, వంచితే పుటుక్కున విరిగేవి చూసుకోండి. రెండు మూడు నీళ్లతో దుమ్ము పోయేదాకా కడగాలి. ఎక్కువ వేస్తే రంగు బాగా వస్తుందనుకుని గుప్పెళ్లు వేయవద్దు, కొంచెం వగరు తగులుతుంది. కప్పు అలసందలకు పది పదిహేను గ్రాములు మించనక్కర్లేదు.

మా ఇంట్లో అలసందలు గంటన్నర ఉడికించినా రాళ్లలా ఉంటున్నాయి. అవే అలసందలు అత్తగారింట్లో అరగంటలో ఉడుకుతున్నాయి.
— ఒక పాఠకురాలు, ఒంగోలు

గింజలు అవే అయితే తేడా నీళ్లలో ఉంది. మీరు బోరు నీళ్లు వాడుతున్నట్టున్నారు. కాఠిన్యం ఎక్కువున్న నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పప్పుగింజ కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను గట్టిపరుస్తాయి. అందుకే కంది పప్పు కూడా ఆ నీళ్లలో సరిగా మెదగదు. నానబెట్టడానికీ ఉడికించడానికీ రెండింటికీ ఫిల్టరు నీళ్లో, కాఠిన్యం లేని కుళాయి నీళ్లో వాడండి. ఉడికించేటప్పుడు మాత్రమే మార్చి, నానబెట్టేది బోరు నీళ్లలో అయితే సగం నష్టం అప్పటికే జరిగిపోతుంది.

సోడా పనిచేసేది కూడా ఇక్కడే. నీళ్లు కొంచెం క్షారంగా మారితే పెక్టిన్ త్వరగా కరుగుతుంది, గింజ మెత్తబడుతుంది. ఆకుతొడుగుల ఎరుపు కూడా ముదురుతుంది. ఉత్తర ఘానాలో సోడాకు బదులు సహజంగా దొరికే క్షారపు రాయి వేసే అలవాటుంది, దాని పని కూడా ఇదే. అయితే కప్పు అలసందలకు పావు టీస్పూను దాటితే తొక్కలు ఊడిపోతాయి, నోటికి సబ్బు రుచి తగులుతుంది, బి1 విటమిన్ కూడా ఎక్కువ నష్టపోతుంది. మంచి నీళ్లు, కొత్త గింజలు ఉంటే సోడా అసలు లేకపోయినా ఫర్వాలేదు.

ఒకవేళ నీళ్లు మార్చినా ఉడకకపోతే అవి పాత గింజలు. ఏడాది దాటి, ముఖ్యంగా వేడి, తేమ ఉన్న చోట నిల్వ చేసినవి ఎంత ఉడికించినా లోపల గట్టిగానే ఉంటాయి. కంటి చుట్టూ తెలుపు పోయి పసుపు తిరిగినవి, తొక్క ముడతలు పడినవి కొనవద్దు. ఉప్పు ముందు వేస్తే ఉడకవన్న భయం మాత్రం అక్కర్లేదు. ఉడకనివ్వనిది పులుపు. టమాటా, చింతపండు, నిమ్మరసం ఈ గిన్నెలోకి రాకూడదు.

సోనామసూరితో వండవచ్చా? బాస్మతి కొనాలా?
— ఒక పాఠకుడు, కర్నూలు

పాత సోనామసూరి బాగుంటుంది. రెండు కప్పులకు నాలుగు కప్పుల ఎర్ర నీళ్లు కావాలి. కొత్త బియ్యమైతే మూడుంపావు చాలు, అయినా కొంచెం ముద్దగానే వస్తుంది. ఘానాలో థాయ్ సువాసన బియ్యం ఎక్కువ వాడతారు, దాని మెతుకు కాస్త అంటుకునే రకమే కాబట్టి పొడిపొడిగా లేదని దిగులుపడనక్కర్లేదు. ఉప్పుడు బియ్యం కూడా మంచి ఎంపిక, చిట్లదు, ఎక్కువ మందికి వండేటప్పుడు నమ్మకంగా ఉంటుంది. బాస్మతి వద్దని మా సలహా. దాని సువాసన అలసందల వాసనను మింగేస్తుంది. ఏ బియ్యమైనా నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి, నానబెట్టవద్దు.

ప్రెషర్ కుక్కరులో అన్నీ కలిపి పెట్టేస్తే ఏమవుతుంది?
— ఒక పాఠకురాలు, షార్లెట్, ఉత్తర కరోలినా

అన్నం మెత్తబడేసరికి అలసందలు గట్టిగా ఉంటాయి, లేదా అలసందలు ఉడికేసరికి అన్నం జావవుతుంది. రెండింటికీ కావలసిన సమయం వేరు. కుక్కరు అలసందలకు మాత్రమే వాడండి: నాలుగు గంటలు నానినవైతే మధ్యస్థమైన మంట మీద ఒక కూత, ఆవిరి దానంతట అది దిగనివ్వాలి. సోడా వేయవద్దు, కుక్కరు వేడికి దాని అవసరం లేదు. అలసందలకు నురగ ఎక్కువ, అది ఆవిరి గొట్టంలోకి ఎక్కితే మూసుకుపోతుంది. సగానికి మించి నింపవద్దు. ఆకుతొడుగులు కూడా ముక్కలై గొట్టానికి అడ్డం పడొచ్చు, పల్చని బట్టలో మూటగట్టి వేయండి.

మీ దగ్గరుండే కరెంటు ప్రెషర్ కుక్కరులో నానిన అలసందలకు అధిక పీడనం మీద నాలుగు నిమిషాలు, తర్వాత పది నిమిషాలు వదిలేయడం సరిపోతుంది. ఆపైన నీళ్లు కొలిచి, బియ్యంతో కలిపి రైస్ కుక్కరులోకి మార్చవచ్చు. రైస్ కుక్కరులో ఆవిరి తక్కువ పోతుంది కాబట్టి చెప్పిన కొలతకు అరకప్పు తగ్గించండి.

దీంతో ఏం వడ్డించాలి? మేము శాకాహారులం. నల్లటి కారం ఒకటి ఉంటుందట, అందులో చేపలుంటాయని విన్నాం.
— ఒక పాఠకురాలు, విజయవాడ

ఆ నల్ల కారం పేరు షిటో. వాచే పక్కన అది ఉండాల్సిందే. దాంతోపాటు టమాటా కూర, ఉడికించిన గుడ్డు, వేయించిన చేప, వేయించిన అరటి ముక్కలు, ఉడికించిన సేమ్యా లాంటి స్పగెట్టి, గారి అనే పొడి వడ్డిస్తారు. గారి అంటే కర్రపెండలాన్ని తురిమి, పులియబెట్టి, నీరు పిండి, పెనం మీద వేయించిన రవ్వ. పెద్దాపురం, సామర్లకోట వైపు అదే దుంపతో చేసే సగ్గుబియ్యం దీనికి బదులు కాదు. పులుపు, కరకర రెండూ అందులో ఉండవు. గారి లేకపోతే వదిలేయండి.

షిటోకు: పావు కిలో ఉల్లిపాయలు, 60 గ్రాముల అల్లం, 40 గ్రాముల వెల్లుల్లి నీళ్లు పోయకుండా కొంచెం నూనెతో రుబ్బుకోవాలి. 350 మిల్లీలీటర్ల నూనెలో దీన్ని సన్నని సెగ మీద ఇరవై నిమిషాలు, చిటపటలు ఆగిపోయేదాకా వేయించాలి. 70 గ్రాముల చిక్కటి టమాటా ముద్ద వేసి, పచ్చి పులుపు పోయి ముదురు రంగు వచ్చేదాకా ఇంకో పావుగంట. తర్వాత రెండు టేబుల్‌స్పూన్ల కారం, 50 గ్రాముల ఎండు రొయ్యల పొడి, 50 గ్రాముల ఎండు చేపల పొడి, ఉప్పు వేసి అడుగంటకుండా తిప్పుతూ మరో ఇరవై నిమిషాలు. నల్లగా మారి నూనె పైకి తేలితే అయినట్టే. గుంటూరు కారమైతే ఒకటిన్నర స్పూన్లు చాలు. రొయ్యలు తలలు తీసి, దోరగా వేయించి పొడి చేసుకోండి, లేకపోతే చేదు వస్తుంది.

మీరైతే రొయ్యలు, చేపలకు బదులు ఎండు పుట్టగొడుగులు 40 గ్రాములు వేయించి పొడి కొట్టి వేసుకోవచ్చు. రుచి అదే రాదు, కానీ అన్నంలో కలుపుకోవడానికి చాలా బాగుంటుంది. షిటో పాడైపోయిందంటే కారణం ఎప్పుడూ తడే. ఉల్లి ముద్దలో నీరు పూర్తిగా ఇగిరిపోకముందే టమాటా వేస్తే వారంలో బూజు పడుతుంది. పైన నూనె నిలిచేలా సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే నెలరోజులు వాడుకోవచ్చు.

పాతికమందికి వండాలి. అన్నీ ఆరు రెట్లు పెంచితే సరేనా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

అలసందలు కిలో, బియ్యం రెండుంపావు కిలోలు తీసుకోండి. నీళ్లను మాత్రం అదే లెక్కన పెంచవద్దు. పెద్ద గిన్నెలో ఆవిరి తక్కువ పోతుంది కాబట్టి బియ్యం వేసేటప్పుడు ఎర్ర నీళ్లు నాలుగున్నర లీటర్లు ఉంటే చాలు. ఆకుతొడుగులు 70 గ్రాములు, సోడా ఒక టీస్పూను. ఒకే గుండిగలో వండితే అడుగు మాడి పైన పలుకు మిగులుతుంది. రెండు గిన్నెల్లో వండండి, మూతలు పెట్టాక గిన్నెల కింద దోసెపెనం పెట్టి సెగ పరచండి.

తిన్నాక కడుపు ఉబ్బరంగా ఉంటోంది. మిగిలింది మర్నాడు తినవచ్చా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

ఉబ్బరానికి కారణమైన చక్కెరలు కొంతవరకు నానబెట్టిన నీళ్లలోకి దిగుతాయి. అలసందలను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కడిగి వండండి. ఎండాకాలమైతే ఫ్రిజ్‌లో నానబెట్టాలి, బయట పులిసిపోతాయి. ఉడికిన నీళ్లు పారబోయమని కొందరు చెబుతారు, ఈ వంటకు అది కుదరదు.

మిగిలిన దాన్ని రెండు గంటల్లోపు వెడల్పు పళ్లెంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. గది వేడిలో ఉంచిన అన్నంలో పెరిగే ఒక రకం బాక్టీరియా విడిచే విషం మళ్లీ వేడి చేసినా పోదు, అలసందలు కలిసిన అన్నం మామూలు అన్నం కంటే ముందే జిగురు సాగుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినది రెండు రోజుల్లో తినేయాలి. వేడి చేసేటప్పుడు కప్పు అన్నానికి రెండు చెంచాల నీళ్లు చిలకరించి, మూతపెట్టి ఆవిరి మీద పది నిమిషాలు ఉంచితే మెతుకు మళ్లీ మెత్తబడుతుంది.